పన్నెండు హీటర్లూ వెలిగాక

కన్సెప్టా ఇంటి గేటు ముందు మలకీ ట్రేనర్ వ్యాన్ ఆపి ఐదు నిమిషాలు దాటింది. దిగలేదు, వెనక్కి తిప్పలేదు. ఆగస్టు నుంచి ఈ ఫిబ్రవరి దాకా ఆ గేటు దాటలేదు. బతికుండగా మళ్ళీ దాటనని అనుకున్నాడు కూడా. ఆ సంగతి ఎవరితోనూ చెప్పుకోలేదు. అతని మనసులో మాట వినడానికి ఇంట్లో ఇప్పుడు మనిషి లేదు.

కన్సెప్టా అతని భార్య నోరీన్‌కు అక్క. పెళ్ళి చేసుకోలేదు. బాలీబే దాటిన తర్వాత గుట్ట మీద మూడు కోళ్ళ షెడ్లు పెట్టుకుని ఒక్కతే బతుకుతోంది. నోరీన్ రొమ్ములో గడ్డ కనిపించింది ఒక నవంబరులో. మొగుడికి చెప్పింది మరుసటి ఆగస్టులో. మధ్య తొమ్మిది నెలలూ కన్సెప్టా తన కారులో చెల్లెల్ని కావన్ అవతల ఒక ఏడో కొడుకు దగ్గరికి తిప్పింది. వరసగా పుట్టిన మగపిల్లల్లో ఏడోవాడి చేతిలో నయం ఉంటుందని ఆ పక్కన అందరికీ నమ్మకమే. మలకీ కూడా చిన్నప్పుడు పులిపిరులకు పోయాడు, పోయాయి. గడ్డకు మాత్రం డాక్టరు దగ్గరికి పోతారని అతను అనుకున్నాడు. అక్టోబరులో నోరీన్‌ను పాతిపెట్టారు. సమాధి దగ్గర కన్సెప్టా చెయ్యి చాపింది. మలకీ తన చేతులు జేబుల్లోనే ఉంచుకున్నాడు. ఊరంతా చూసింది.

ఇప్పుడు పిలిచింది ఆమె కాదు. కోడిపిల్లల్ని ఇచ్చి, పెరిగిన కోళ్ళను తీసుకుపోయే కంపెనీ మనిషి ఫింటన్ కార్వల్. జనవరిలో గడ్డకట్టే చలి రాత్రి ఒకటి వచ్చింది. మూడో షెడ్డులో ఎనిమిది వేల పిల్లలుంటే, తెల్లారేసరికి మూడు వేల రెండు వందలు చచ్చాయి. చలికి మూలకు చేరి, ఒకదాని మీద ఒకటి ఎక్కి, ఊపిరాడక పోయాయి. ఫోనులో ఫింటన్ మాట తేలిగ్గానే ఉంది. "గ్యాస్ బాగుంటే తప్పు కాపలాది మలకీ. తలుపు తీసి వదిలేసి ఉంటుంది. అదే అయితే మావాళ్ళు ఇక ఆమెకు పిల్లల్ని వెయ్యరు. పైపు వేసింది మీరే కాబట్టి పరీక్ష మీ చేత్తోనే జరగాలట. గ్యాస్ ఒత్తిడి ఎంతో ఒక్క అంకె రాసిచ్చి పోండి, చాలు."

అరవై ఎనిమిదేళ్ళ ఆడమనిషి. పిల్లలు రాకపోతే ఆ షెడ్లు ఉత్త రేకులు. గురువారం లారీ రావాలి. ఇవాళ మంగళవారం.

మలకీ గేటు తీశాడు.

షెడ్డు ముందు ఫింటన్ తెల్లటి కాగితపు కోటు వేసుకుని, టోపీ చెవుల మీదికి లాక్కుని నిలబడ్డాడు. ముప్పై దాటి ఉండడు. పక్కన కన్సెప్టా. మగవాళ్ళ బూట్లు, మోకాళ్ళ దాకా ఆప్రాను. నోరీన్ గడ్డమే ఆమె గడ్డం. మలకీ అటు చూడకుండా వ్యాన్ వెనక తలుపు తీశాడు.

"దారి మర్చిపోయావేమో అనుకున్నాను" అంది కన్సెప్టా.

"మర్చిపోలేదు" అన్నాడు మలకీ, పెట్టె దించుకుంటూ.

"టీ పెట్టనా?"

"గ్యాస్ చూడ్డానికొచ్చాను."

ఫింటన్ నవ్వబోయి ఊరుకున్నాడు. "ముందు టీ తాగుదురూ. నాకైతే కడుపులో ఎలకలు పరుగెడుతున్నాయి. పొద్దున్నుంచీ మూడు ఫారాలు తిరిగాను, ఒక్కడూ బిస్కెట్టు ముక్క పెట్టలేదు."

"పరీక్షయ్యాక నీ ఇష్టం" అన్నాడు మలకీ. "జేబులో ఫోను, సిగరెట్లు, లైటరు ఏమున్నా కారులో పెట్టి రా. లోపలికి వస్తే అవి లేకుండానే రావాలి."

కన్సెప్టా చెప్పకుండానే షెడ్డుకు రెండు చివర్లా తలుపులు బార్లా తీసింది. లోపల కొత్త రంపపుపొట్టు పరిచి ఉంది. నీళ్ళ గొట్టాలు కడిగి ఆరబెట్టారు. పైకప్పుకు నాలుగు హీటర్లు వేలాడుతున్నాయి. మలకీ మోకాళ్ళ మీద వంగి, తర్వాత చేతులు ఆనించి, ముక్కు పొట్టుకు తాకేంత కిందికి పెట్టి వాసన చూశాడు. ఈ గ్యాస్ గాలికంటే బరువు. లీకైతే పైకి పోదు, నేల పట్టుకుని పాకుతుంది. నిలబడి వాసన చూసి, ఏమీ లేదని చెప్పి, ఇల్లు పేల్చుకున్న వాళ్ళను అతను ఎరుగును. నాలుగు మూలలా అలాగే చూశాడు. పొట్టు వాసన తప్ప ఏమీ లేదు.

గోడకు ప్లాస్టిక్ కవరులో కాగితం ఒకటి వేలాడుతోంది. పోయిన ఏడాది మూడో షెడ్డు కట్టి పైపు వేశాక అతను రాసి ఇచ్చిన కాగితం. ఫింటన్ దాన్ని తీసి పైకి చదివాడు. "మూడో షెడ్డు హీటర్లు వెలిగించి, ముప్పై ఆరు. మూడు షెడ్లలో పన్నెండు హీటర్లూ వెలిగించి, ముప్పై ఆరు. ఎంత అందమైన చేతిరాత మలకీ. మా ఆఫీసులో ఒక్కడికీ ఇలా రాదు."

"చదివి పక్కన పెట్టు" అన్నాడు మలకీ.

ఆ రెండో అంకె అబద్ధం. ఫింటన్ ఫోను చేసిన క్షణం నుంచీ, నిజానికి అంతకు ముందు నుంచీ, మలకీకి అది తెలుసు.

జూలైలో ఈ షెడ్డు పని ముగించిన రోజు మొదటి రెండు షెడ్లలోనూ ఐదు వారాల కోళ్ళున్నాయి. ఆ వయసు కోళ్ళకు వేడి అక్కరలేదు, హీటర్లు ఆపేసి ఉన్నాయి. పరీక్ష పూర్తి కావాలంటే పన్నెండూ ఒకేసారి వెలగాలి. ఒక్క షెడ్డు మాత్రమే గ్యాస్ తాగుతుంటే ఏ పైపయినా మంచిదే అనిపిస్తుంది. అన్నీ తాగినప్పుడే పైపు సన్నమో కాదో బయటపడుతుంది. ఆ రోజు కన్సెప్టా తలుపుకు అడ్డం నిలబడింది. "ఈ ఎండలో వాటి నెత్తిన మంట పెడితే గుండాగి చస్తాయి. లారీ ఎక్కించాక రా. షెడ్లు ఖాళీగా ఉంటాయి, అప్పుడు కాల్చుకో నీ గ్యాస్." ఆమె చెప్పింది న్యాయమే. ఆగస్టు మధ్యలో వస్తానన్నాడు. ఆగస్టు మధ్యలో నోరీన్ వంటింట్లో నిలబడి రవిక గుండీ విప్పి చూపించింది. ఆ తర్వాత అతను రాలేదు. సెప్టెంబరులో కన్సెప్టా కాగితం కావాలని కబురు పెట్టింది. కంపెనీకి చూపించాలట. మలకీ తన వంటింటి బల్ల దగ్గర కూర్చుని, ఖాళీ గడిలో ముప్పై ఆరు అని రాసి, పోస్టులో పంపించాడు. ముప్పై ఎనిమిదేళ్ళ పనిలో చూడకుండా రాసిన అంకె అదొక్కటే.

ఇప్పుడు పెట్టెలోంచి ఒత్తిడి కొలిచే గేజీ తీశాడు. చెక్కకు బిగించిన లాడం ఆకారపు గాజు గొట్టం, అందులో సున్నా గీత దాకా నీళ్ళు. కొత్త వాళ్ళు బ్యాటరీ గేజీలు వాడతారు. నీళ్ళు అబద్ధం చెప్పవని మలకీ వీటినే ఉంచుకున్నాడు. షెడ్డు గోడ దగ్గర గ్యాస్ కవాటం మూశాడు. గేజీ తగిలించడానికి పైపుకు ఉండే పరీక్ష మొన దగ్గర చిన్న మరను ఒక్క చుట్టు వదులు చేశాడు, ఊడదీయలేదు. రబ్బరు గొట్టం తొడిగి, కవాటాన్ని కొద్దికొద్దిగా తెరిచాడు. గాజులో ఒకవైపు నీళ్ళు దిగాయి, రెండోవైపు ఎక్కాయి. గడియారం చూస్తూ నిలబడ్డాడు. హీటర్లు వెలగకముందు నీళ్ళు పైకి పాకుతూ పోతే రెగ్యులేటరు సరిగా మూసుకోవడం లేదని అర్థం. పాకలేదు.

"ఎంతసేపు?" అన్నాడు ఫింటన్.

"ఐదు నిమిషాలు."

"నాకు క్లోన్స్‌లో ఇంకో ఫారముంది."

"అది ఎక్కడికీ పోదు."

ఐదు నిమిషాలయ్యాక మూడో షెడ్డు హీటర్లు నాలుగూ వెలిగించారు. మంటలు నీలంగా, గట్టిగా నిలబడ్డాయి. మలకీ వంగి రెండువైపులా చదివి కలిపాడు. కింద పద్దెనిమిది, పైన పద్దెనిమిది.

"ముప్పై ఆరు" అన్నాడు.

ఫింటన్ కాగితం మీద రాసుకున్నాడు. "ఏడు నెలల కిందా అదే, ఇవాళా అదే. మీ పైపు గడియారం మలకీ. సరే కన్సెప్టా, గ్యాస్‌లో ఏమీ లేదు. నేను ఏం చెయ్యను చెప్పు. పైవాళ్ళకు ఏదో ఒకటి రాయాలి కదా."

మలకీ చెయ్యి రబ్బరు గొట్టం మీదికి పోయింది. గొట్టం లాగేసి, మర బిగించి, వ్యాన్ ఎక్కితే అయిపోతుంది. ఫింటన్‌కు తెలియదు, ఆమెకు తెలియదు. గ్యాస్ పని చెయ్యనిచ్చే అతని కార్డు అతనికి ఉంటుంది. ఆమె షెడ్లు మూతపడతాయి. అక్టోబరులో సమాధి దగ్గర నిలబడి, ఈ మనిషికి జీవితంలో ఒక్కసారి తలెత్తుకోలేని రోజు రావాలని అతను కోరుకున్నాడు. ఇదే ఆ రోజు. చెయ్యవలసిందల్లా నోరు మూసుకోవడం.

కన్సెప్టా తలుపు గొళ్ళెం వైపు చూస్తోంది.

"నేను వేశాననే గుర్తు" అంది మెల్లగా. "వేసి, లాగి చూశాను. ప్రతిసారీ లాగి చూస్తాను. కానీ ఇన్నిసార్లు తలుచుకున్నాక ఇప్పుడు ఏమీ గుర్తు రావడం లేదు. వెయ్యలేదేమో. గ్యాస్ బాగుంటే మరి వెయ్యలేదనే కదా. నేనే చంపాను అయితే."

"అయ్యో, వదిలెయ్యి, ఎవరికైనా జరుగుతుంది" అన్నాడు ఫింటన్ నేల చూస్తూ.

"బకెట్లతో ఎత్తాను. నూట పదో బకెట్టు దాకా లెక్కపెట్టి మానేశాను. కొన్ని ఇంకా వెచ్చగానే ఉన్నాయి." ఆమె ఆప్రానుకు చేతులు తుడుచుకుంది, చేతులకేమీ లేకపోయినా. "నేనే. రాసుకో."

మలకీ ఆమె మొహం చూశాడు, ఆగస్టు తర్వాత మొదటిసారి. తలెత్తుకోలేని మొహమే. తను కోరుకున్నదే. అయితే ఆ బరువు నోరీన్‌ది కాదు. చెల్లెలి విషయంలో ఆ మనిషి ఇలా ఒక్క మాట అనలేదు. కోడిపిల్లల కోసం, అదీ తాను చెయ్యని పనికి, కుంగిపోయి నిలబడింది. అతని వంటింటి బల్ల మీద పుట్టిన అబద్ధం ఆమె నెత్తిన కూర్చుంది. అతనికి ఒళ్ళు మండింది. జాలి కాదు అది. ఆమె మొయ్యవలసింది ఒకటుంటే వేరొకటి మోస్తోంది, మోసి అలిసిపోతుంది, అసలుది అలాగే మిగిలిపోతుంది.

"పోయి మిగతా రెండు షెడ్లూ వెలిగించు" అన్నాడు.

"ఏంటి?"

"ఒకటీ, రెండూ. ఎనిమిది హీటర్లూ. ముందు కింద వాసన చూడు, తలుపులు తీసిపెట్టు. ఒక్కొక్కటే వెలిగించి కేకెయ్యి."

ఫింటన్ గడియారం చూసుకున్నాడు. "మలకీ, మనకు కావాల్సిన అంకె వచ్చేసింది."

"నీకు వచ్చింది. నాకు రాలేదు."

కన్సెప్టా పోయింది. పాత బూట్ల చప్పుడు కాంక్రీటు మీద దూరమైంది. మలకీ గాజు ముందు కూర్చున్నాడు. చాలాసేపటికి మొదటి కేక వినిపించింది. "ఒకటి." నీళ్ళు కదల్లేదు. "రెండు." కొంచెం కదిలాయి. మొదటి షెడ్డు మొత్తం వెలిగేసరికి ముప్పై రెండు. రెండో షెడ్డులో మొదటిది వెలిగింది, ముప్పై. తర్వాతది, ఇరవై ఏడు. ఫింటన్ మాట్లాడటం మానేసి వంగి చూడసాగాడు. ఇరవై మూడు. తల మీద మంటలు కుంచించుకుపోయి రేకుకు అతుక్కున్నాయి. "ఎనిమిది" అని ఆఖరి కేక వచ్చింది. మలకీ రెండువైపులా చదివాడు. తొమ్మిదిన్నర, తొమ్మిదిన్నర.

"పందొమ్మిది" అన్నాడు.

ఆ మాట అయీ అవకముందే చివరి హీటరు టక్కుమని ఆరిపోయింది. మంట పలచబడితే గ్యాస్ కట్టేసే బిళ్ళ ఉంటుంది అందులో. అది దాని పని చేసింది. తర్వాత దాని పక్కది కూడా ఆరింది. షెడ్డు సగం చల్లబడింది.

"గడ్డకట్టే చలిలో పన్నెండూ ఆగకుండా వెలగాల్సి వస్తే ఇదే జరుగుతుంది" అన్నాడు మలకీ. "చిట్టచివర ఉన్న షెడ్డుకు గ్యాస్ చాలదు. శరదృతువులో చలి లేదు, అన్నీ ఒకేసారి వెలగలేదు, అందుకని బయటపడలేదు. పైపు రెండు షెడ్లకు సరిపోయేది. మూడోది దానికే తగిలించాను. పందొమ్మిది అని రాసుకో."

ఫింటన్ పెన్ను కదల్లేదు. "మరి ఈ కాగితంలో ముప్పై ఆరు అనుంది కదా. పన్నెండూ వెలిగించి అనుంది."

"వెలిగించలేదు. ఇంట్లో కూర్చుని రాశాను."

ఫింటన్ తలుపు వైపు చూశాడు. కన్సెప్టా వచ్చి గడపలో నిలబడి ఉంది. రొప్పుతోంది. అతను గొంతు తగ్గించాడు. "నేను ఆ మాట వినలేదనుకుంటాను మలకీ. పైపు వేసినప్పుడు బాగుంది, తర్వాత ఏదో అడ్డం పడింది అని రాస్తాను. మీ కార్డు పోతుంది. ఈ వయసులో ఎందుకు."

"విన్నావు. విన్నది రాయి. కింద నా పేరు నేనే పెడతాను."

రాసిచ్చాడు. పేరు పెట్టాడు. మూడో షెడ్డు కవాటం మూసి, తీగ చుట్టి, వాడరాదని ఎర్ర చీటీ కట్టాడు. గురువారం లారీ వస్తుందనీ, పిల్లల్ని రెండు షెడ్లలో దించుతారనీ, పైపు మార్చాక మూడో దాని సంగతి చూస్తారనీ ఫింటన్ చెప్పాడు. టీ మాట ఎత్తకుండా కారెక్కి పోయాడు.

ఇద్దరే మిగిలారు. మలకీ మోకాళ్ళ మీద కూర్చుని గొట్టం లాగాడు. పరీక్ష మొన మర బిగించసాగాడు.

"ఆరు వారాలు" అంది కన్సెప్టా. "ఆరు వారాలుగా ఆ గొళ్ళెం దగ్గరికి రోజుకు పదిసార్లు వస్తున్నాను. వేస్తాను, లాగుతాను, లోపలికి పోతాను, మళ్ళీ వస్తాను. పిచ్చిదాన్నైపోయాననుకున్నాను. నువ్వు ఒక్క గంట వచ్చి చూసి ఉంటే."

"నీ గేటు దాటలేకపోయాను."

"నా మీద కోపం వాటి మీద తీర్చుకున్నావు."

"కాదు. కానీ పోయినవి పోయాయి. తప్పు నాది."

ఆమె గోడకు ఆనుకుంది. చివరికి అంది, "అయితే చెల్లుకు చెల్లు అనుకుందామా మలకీ? నువ్వూ ఒకటి చేశావు, నేనూ ఒకటి చేశాను. ఇద్దరం ముసలివాళ్ళం."

మలకీ లేచి నిలబడ్డాడు. "అవి కోడిపిల్లలు. ఆరు వారాలు ఉంటే ఎలాగూ కోసేవాళ్ళు. ఆమె నోరీన్. దానికీ దీనికీ చెల్లేమిటి?" గొంతు పెంచలేదు. "నా తప్పు నా పేరు పెట్టి రాసిచ్చాను, నువ్వు చూశావు. నీది నీ నోటి నుంచి ఇంతవరకూ ఒక్కసారి రాలేదు. అందుకే పన్నెండూ వెలిగించమన్నాను. నీది కానిది మోస్తూ, నీది మోశానని అనుకుంటావని."

సబ్బు నీళ్ళ సీసా తీసి, కుంచెతో మర చుట్టూ రాశాడు. బుడగ వస్తే లీకు. చూస్తూ కూర్చున్నాడు.

వెనక నుంచి ఆమె మాట్లాడటం మొదలుపెట్టింది. గొళ్ళెం గురించి మాట్లాడిన గొంతే.

"నాకు చూపించింది మా అమ్మ వర్ధంతికి చర్చిలో పూజ జరిగిన నాడు. నీకు చెప్పొద్దని ఒట్టు పెట్టించుకుంది. ఒట్టు సంగతి పక్కన పెట్టు. ఆస్పత్రికి పోదామని నేను ఒక్కసారీ అనలేదు. అంటే వస్తానంటుందేమోనని అనలేదు. అమ్మ ఆస్పత్రికి పోయి తిరిగి రాలేదు, నాకు అదే కళ్ళ ముందు ఉంది. ఆ ఏడో కొడుకు చెయ్యి పెట్టిన ప్రతి శుక్రవారం కారులో నేను తడిమి చూసేదాన్ని. చిన్నదైందే నోరీన్ అనేదాన్ని. పెరుగుతోందని నా వేళ్ళకు తెలుస్తూనే ఉంది. ఫిబ్రవరిలోనే తెలిసింది. ఆగస్టు దాకా చిన్నదైందనే చెప్పాను."

మలకీ కుంచె పట్టుకున్న చెయ్యి మర దగ్గరే ఉంది. ఈ మాట వినాలని అతను ఎదురుచూశాడు. వింటే లోపల ఏదో ఒకటి కిందికి దిగుతుందని అనుకున్నాడు. ఏమీ దిగలేదు. అది నిజమని మాత్రం తెలిసింది, ఇంతకు ముందూ తెలుసు.

బుడగ రాలేదు. మర తుడిచాడు.

"విన్నాను" అన్నాడు.

"అంతేనా?"

"అంతే."

పెట్టె ఎత్తుకున్నాడు. ఆమె పక్కకు జరిగింది. కొత్త పైపు ఎవరు వేస్తారని అడిగింది. తన కార్డు ఉండదు కాబట్టి ఎవరినైనా పిలుచుకోమన్నాడు. వేసినవాడు ఎవడైనా సరే పన్నెండూ వెలిగించి, పక్కన నిలబడి గాజు చూపించమని అడగమన్నాడు. ఆమె తలూపింది.

వ్యాన్ గేటు దాకా వచ్చింది. కోళ్ళ ఫారం నుంచి ఏ బండి బయటికి పోవాలన్నా చక్రాలకు మందునీళ్ళు కొట్టాలి, ఒక చోటి రోగం ఇంకోచోటికి పోకుండా. కన్సెప్టా గొట్టం పట్టుకుని వచ్చింది. ముక్కూ మొహం తెలియని లారీవాడికి కొట్టినట్టే, ముందు చక్రాలు రెండూ, వెనక చక్రాలు రెండూ, తీరిగ్గా, ఏమీ వదలకుండా తడిపింది. మలకీ ఎదురుగా రోడ్డు చూస్తూ కూర్చున్నాడు. ఆమె గొట్టం కట్టేసి గేటు తీసి పట్టుకుంది. అద్దం దించకుండా అతను వెళ్ళిపోయాడు.